పాప చైనీస్ మాట్లాడితే ఇంగ్లీష్ వాసన వస్తోంది, తెలుగు ఆపేయాలా?

ప్రశ్న: మేం సింగపూర్‌లో ఉంటాం. నేను తెలుగు, మావారు ఇక్కడి చైనీస్. పాపకి ఎనిమిదేళ్ళు. స్కూల్లో అన్నీ ఇంగ్లీషే, చైనీస్ ఒక సబ్జెక్ట్. పుట్టినప్పట్నుంచీ నేను దాంతో తెలుగే మాట్లాడతా, వాళ్ళ నాన్నా నైనై (నాయనమ్మ) మాండరిన్ (స్కూల్లో నేర్పే చైనీస్ ఇదే) మాట్లాడతారు. అన్నీ అర్థమవుతాయి కానీ నోరు తెరిస్తే చైనీస్ మాటలతో ఇంగ్లీష్ వాక్యం చెప్తోందని అత్తగారి కంప్లైంట్. టీచర్ కూడా గ్రామర్ వీక్ అన్నారు. కొన్ని వాక్యాలు రాసి పంపుతున్నా: "వో ఖాన్ షూ జై జ్యా", "వో షి గావ్ బీ థా", "జ్వోథ్యెన్ వో మేయ్ ఛ్యూ ల", "సాన్ గ షూ". మూడు భాషలతో బుర్ర గజిబిజి అయింది, ఆ తెలుగు ఆపెయ్ అంటున్నారు అత్తగారు. మావారు కూడా ఆవిడ చెప్పేది నిజమేనేమో అనే మూడ్‌లో ఉన్నారు. ఆపేయాలా? ట్యూషన్ పెట్టించాలా? (పేరు వద్దు)

జవాబు: తెలుగు ఆపకండి. ఈ ఒక్క ముక్క ముందు చెప్పేస్తే మీరు మిగతాది కాస్త స్థిమితంగా చదువుతారని. మీ విషయంలో ఈ సామెత వాడటం కొంచెం ఇబ్బందే కానీ, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టుంది వ్యవహారం, పని చేసింది ఇంగ్లీషు, దెబ్బలు తెలుగుకి. ఇది ఊరికే మిమ్మల్ని ఓదార్చడానికి చెప్పట్లేదు, మీరు పంపిన నాలుగు వాక్యాల్లోనే సాక్ష్యం ఉంది.

మొదటి వాక్యం చూడండి. "వో ఖాన్ షూ జై జ్యా", అంటే మాటకి మాట పెడితే నేను, చదువుతా, పుస్తకం, ఇంట్లో. సరైన మాండరిన్‌లో ఇది "వో జై జ్యా ఖాన్ షూ", అంటే నేను, ఇంట్లో, చదువుతా, పుస్తకం. పని ఎక్కడ జరుగుతుందో ముందు చెప్పి ఆ తర్వాతే పని చెప్పాలి. ఇప్పుడు మన తెలుగు ఎలా ఉంటుంది? నేను ఇంట్లో పుస్తకం చదువుతా. ఇంట్లో అనేది చదవడం కంటే ముందే వచ్చేసింది కదా, అంటే పాప నిజంగా తెలుగు పద్ధతి పట్టుకుని ఉంటే ఈ వాక్యంలో తప్పే జరిగేది కాదు! ఇంటిని తీసుకెళ్ళి వాక్యం చివర పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉన్న మూడు భాషల్లో ఒక్క ఇంగ్లీషుకే ఉంది.

రెండోది, "వో షి గావ్ బీ థా". నేను అతని కంటే పొడుగు అని చెప్పాలని దాని తాపత్రయం. మాండరిన్‌లో "వో బీ థా గావ్", ఎవరితో పోలుస్తున్నామో ముందు, పొడుగు చివర, అచ్చం మనలాగే. పాప మాత్రం పొడుగుని ముందుకి లాగి పోలికని వెనక్కి నెట్టింది, పైగా మధ్యలో "షి" ఒకటి దూర్చింది. ఇంగ్లీష్‌లో "ఐ యామ్" అంటారు కదా, ఆ "యామ్"కి బదులన్నమాట ఈ "షి". తెలుగులో "నేను పొడుగు" అంటే సరిపోతుంది, మధ్యలో ఏమీ అక్కర్లేదు, మాండరిన్‌లో కూడా ఇలాంటి చోట "షి" రాదు. ఇక్కడ కూడా తెలుగు నిర్దోషి.

మూడోదాని దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే ఈ "ల" అనే ముక్క చైనీస్ నేర్చుకునేవాళ్ళందర్నీ ఏడిపిస్తుంది. ఇంగ్లీష్ బుర్రతో చూస్తే ఇది జరిగిపోయిన కాలానికి గుర్తు అనిపిస్తుంది, అసలు చైనీస్ క్రియలకి మన వెళ్ళాను, వెళ్తాను లాంటి కాలం తోకలే ఉండవు. "ల" చెప్పేది పని పూర్తయిందా, పరిస్థితి మారిందా అని. వాన మొదలవగానే "శ్యా యూ ల" అంటారు, అక్కడ వాన ఇంకా పడుతూనే ఉంటుంది. పక్క గదిలోంచి నైనై పిలిస్తే మీవారు "లాయ్ ల" అని అరుస్తారు, ఆయన ఇంకా కుర్చీలోంచి కూడా లేచి ఉండరు. మనం కూడా సరిగ్గా అంతే, "ఆఁ వచ్చేశా" అని కేకేసి ఫోన్ చూస్తూ కూర్చుంటాం. ఇంగ్లీష్ పాస్ట్ టెన్స్‌తో ఈ పని జరగదు. ఇక పాప అన్న వాక్యం, నిన్న నేను వెళ్ళలేదు అని. మాండరిన్‌లో ఇలా "మేయ్" పెట్టి లేదు అన్నాక పని అయిందని చెప్పే "ల" రాలిపోతుంది, "వో మేయ్ ఛ్యూ" అంతే. తెలుగులో కూడా వెళ్ళాను అనే దాంట్లోని ఆ తోక "వెళ్ళలేదు"లో మిగలదు, ఎవరూ "వెళ్ళానులేదు" అనరు. పాప మాత్రం నిన్న అన్నాం కాబట్టి పాస్ట్, పాస్ట్ కాబట్టి "ల" తగిలించాలి అనుకుంది. చిన్న బుర్రలో ఎంత పకడ్బందీ లాజిక్కో చూడండి, కాకపోతే అది ఇంగ్లీష్ లాజిక్.

నాలుగోది, మూడు పుస్తకాలు, దీనికి మాత్రం నేను ఇంగ్లీష్‌ని కూడా పూర్తిగా తప్పుపట్టను. చైనీస్‌లో లెక్కపెట్టేటప్పుడు అంకెకీ వస్తువుకీ మధ్య ఒక కొలమాట రావాలి, పుస్తకాలకి "బెన్", కాయితాల్లాంటి పల్చటి వాటికి "జాంగ్", చేపల్లాంటి పొడుగాటి వాటికి "థ్యావ్", ఇలా బోలెడు. ఏదీ గుర్తు రాకపోతే "గ" ఉంది, అన్నిటికీ సర్దుకుపోయే మాట. ఒక్క చైనీసే వింటూ పెరిగిన చిన్నపిల్లలు కూడా కొన్నాళ్ళపాటు కనిపించిన ప్రతిదానికీ "గ" పెట్టేస్తారు. తేడా ఏంటంటే వాళ్ళు మెల్లగా బయటికొస్తారు, వేరే భాష బలంగా ఉన్నవాళ్ళు అక్కడే ఎక్కువకాలం ఉండిపోతారు.

మీకు ఇంకా డౌట్ ఉంటే ఇంట్లోనే ఒక చిన్న టెస్ట్ పెట్టండి, మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఏదో ఒక బొమ్మ చూపించి దాని గురించి ముందు చైనీస్‌లో చెప్పించండి, ఇంకో రోజు అదే బొమ్మ తెలుగులో చెప్పించండి. తెలుగులో కూడా "నేను చూశాను ఒక కుక్క పార్క్‌లో", "మూడు పిల్లలు ఆడుతున్నారు" లాంటివి వినపడ్డాయనుకోండి, ఇంక వాదనే అక్కర్లేదు. ముగ్గురు పిల్లలు అనాల్సిన చోట మూడు పిల్లలు, సాన్ బెన్ అనాల్సిన చోట సాన్ గ, రెండిట్లోనూ జరిగింది ఒక్కటే, ఇంగ్లీష్‌కి పట్టని తేడాని పాప కూడా పట్టించుకోలేదు. ఒకే చేయి రెండు భాషల మీదా పడిందన్నమాట. ఒకవేళ తెలుగులో ఇలాంటివి లేకుండా చక్కగా మాట్లాడితే ఇంకా సంతోషం, మీ తెలుగు గట్టిగా నిలబడిందని అర్థం.

అసలు బలమైన భాష అంటే ఏంటని అడగొచ్చు. పిల్లకి ఏది ఇష్టం, ఏది సొంత భాష అనే సెంటిమెంట్ విషయం కాదిది, రోజులో ఎక్కువసేపు ఏ భాషలో వింటోంది, ఏ భాషలో గొడవపడుతోంది, లెక్కలు చేస్తోంది, ఫ్రెండ్స్‌తో జోకులేస్తోంది అనేది. సింగపూర్‌లో 1987 నుంచి స్కూళ్ళన్నీ ఇంగ్లీష్ మీడియమే. ఇళ్ళ సంగతి చూస్తే 2010 జనాభా లెక్కల్లో ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష ఇంగ్లీష్ అన్నవాళ్ళు 32.3 శాతం, 2020కి అది 48.3 అయింది, అదే పదేళ్ళలో మాండరిన్ 35.6 నుంచి 29.9కి దిగింది. అంటే అమ్మానాన్న ఇద్దరూ చైనీసే అయిన ఇళ్ళలో కూడా మీ పాపలాంటి వాళ్ళే పెరుగుతున్నారు, ఆ ఇళ్ళలో తెలుగు వాసన కూడా ఉండదు. ఇది అత్తగారికి మెల్లగా చెప్పండి, పక్కింటి పిల్లలు కూడా "ఖాన్ షూ జై జ్యా" అంటుంటే దానికి మీ తెలుగు ఎలా కారణమవుతుంది చెప్పండి.

ఇదంతా చదివి ఇంగ్లీష్‌ని విలన్ చేసెయ్యకండి కూడా. హాంగ్‌కాంగ్‌లో వర్జీనియా యిప్, స్టీఫెన్ మాథ్యూస్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు కాంటొనీస్ (అక్కడ మాట్లాడే చైనీస్), ఇంగ్లీష్ రెండూ వింటూ పెరిగే పిల్లల మాటల్ని ఏళ్ళ తరబడి రికార్డ్ చేశారు. అక్కడి చాలామంది పిల్లల్లో కాంటొనీస్‌దే పైచేయి, అందుకని దెబ్బ తిన్నది ఇంగ్లీష్. ఏం, ఎక్కడ లాంటి ప్రశ్న మాటని ముందుకి తేకుండా కాంటొనీస్‌లోలాగా ఉన్న చోటే ఉంచేసేవాళ్ళు, "నేను కొన్న పుస్తకం"లాగా వివరం అంతా ముందు చెప్పి వస్తువు పేరు చివర పెట్టేవాళ్ళు, అదీ ఇంగ్లీష్‌లో. కాబట్టి ఎవరి ఇంట్లో ఏది గట్టిగా ఉంటే అది రెండోదాని మీద నీడ పడేస్తుంది, ఇందులో ఫలానా భాష చెడ్డది అనేదేం లేదు. పెద్దవాళ్ళ విషయంలో ఊళ్ళకి ఊళ్ళే ఇలా మారిపోయాయి, చైనాలో ఛింగ్‌హాయ్ వైపు వూథున్ అని ఒక చైనీస్ రకం ఉంది, టిబెటన్ల మధ్య తరతరాలుగా ఉండి ఉండి దానికి క్రియ వాక్యం చివరకి వచ్చేసింది, పేర్లకి మన కి, ని, తో లాంటి తోకలు కూడా మొలిచాయి! తెలుగువాళ్ళం వింటే మనకే దగ్గరగా అనిపించే చైనీస్ అది.

ఇప్పుడు అసలు చిక్కు ఎక్కడుందో చెప్తా, ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. బలమైన భాష అన్ని చోట్లా దూరదు. రెండు భాషలూ పైపైకి ఒకేలా కనపడే చోట, కానీ లోపల తేడా ఉన్న చోట దూరుతుంది. చైనీస్‌లో పుస్తకం చదవడం అంటే "ఖాన్ షూ", క్రియ ముందు, వస్తువు తర్వాత, ఇంగ్లీష్ కూడా అంతే, మనమే వేరు. ఇది రోజూ వందసార్లు వినే పిల్లకి "ఓహో, చైనీస్ కూడా ఇంగ్లీష్ లాంటిదే" అనే నమ్మకం కుదిరిపోతుంది, ఆ నమ్మకంతో మిగతా చోట్ల కూడా ఇంగ్లీష్ వరసే నడిపిస్తుంది. పైగా చైనీస్ కూడా కాస్త ఊరిస్తుంది. పుస్తకం బల్ల మీద పెట్టు అనడానికి "బా షూ ఫాంగ్ జై జ్వోజ షాంగ్" అంటారు, ఇందులో బల్ల మీద అనేది పెట్టు తర్వాత వచ్చింది చూశారా. పని ఎక్కడ జరుగుతుందో అది క్రియకి ముందు, వస్తువు చివరికి ఎక్కడికి చేరిందో అది క్రియ తర్వాత. పిల్ల రెండు రకాలూ వింటుంది, తన ఇంగ్లీష్‌కి సరిపోయే రకాన్ని పట్టుకుని అదే రూల్ అనుకుంటుంది, ఆ "ఇంట్లో" వాక్యం చివరికి పోవడం వెనక ఇది కూడా ఉండి ఉండొచ్చు.

అదే వాక్యంలో మొదట్లో ఉన్న "బా" చూడండి. అది పుస్తకాన్ని ఎత్తి క్రియకి ముందు కూర్చోబెట్టింది, ఫలానా పుస్తకం, మనిద్దరికీ తెలిసిన పుస్తకం, దాన్ని ఏదో చెయ్యాలి అన్నప్పుడు అలా అంటారు. మన "పుస్తకాన్ని"లో ఉన్న "ని"కి బాగా దగ్గర. ఇంగ్లీష్‌లో ఇలాంటిది లేదు, అందుకే ఇంగ్లీష్ బలంగా ఉన్న పిల్లలు చాలామంది ఈ "బా" జోలికి వెళ్ళరు, చుట్టూ తిరిగి వేరేలా చెప్పేస్తారు. టీచర్‌కి తప్పు కనపడదు ఎందుకంటే తప్పు చెయ్యలేదు, అసలు వాడలేదు. మీరు పంపిన లిస్టులో "బా" వాక్యం ఒక్కటీ లేదు, నాకైతే ఆ నాలుగు తప్పుల కంటే ఇదే ఎక్కువ అనుమానంగా ఉంది. వారం రోజులు చెవులు అటువేసి ఉంచండి, పాప నోట "బా" వస్తుందో లేదో.

సరే ఏం చెయ్యాలి. తప్పు చెప్పగానే ఆపి సరిదిద్దడం మానండి ముందు, అది మీ అత్తగారికి కష్టమే అని తెలుసు. పాప "వో ఖాన్ షూ జై జ్యా" అంటే వాళ్ళ నాన్న "ఓ, నీ జై జ్యా ఖాన్ షూ? ఖాన్ షెన్మ షూ?" అని మామూలుగా కబుర్లలో పెట్టి సరైన వాక్యం తిరిగి వినిపించాలి, ఇంట్లో చదువుతున్నావా, ఏం పుస్తకం అని. పాఠం అని పాపకి తెలియకూడదు, జవాబు చెప్పాలనే ధ్యాసలో ఉండాలి. ఇది రోజుకి ఒకటీ రెండు తప్పుల మీద చేస్తే చాలు, అన్నిటికీ చేస్తే అది కూడా పోలీస్ డ్యూటీ లాగే ఉంటుంది.

"బా" రావాలంటే వస్తువుల్ని కదిపే పనులు కావాలి. ఇల్లు సర్దేటప్పుడు నైనై పాపకి ఆర్డర్లు వెయ్యడం కాదు, పాపతో నైనైకి ఆర్డర్లు వేయించండి, ఆ గిన్నె అక్కడ పెట్టు, ఈ బట్టలు ఇందులో వెయ్యి, తలుపు మూసెయ్ అని. ముందు నైనై ఒకసారి తను ఆర్డర్ వేసి వినిపించాలి, తర్వాత పాప వంతు. ఎనిమిదేళ్ళ పిల్లకి పెద్దవాళ్ళ మీద పెత్తనం ఇస్తే ఏ భాషలో అయినా మాట్లాడుతుంది.

ఇంకొకటి, మీ అత్తగారు పాప ఇంగ్లీష్‌లో జవాబిచ్చినప్పుడు తనూ ఇంగ్లీష్‌లోకి మారిపోతున్నారేమో గమనించండి, సింగపూర్ ఇళ్ళలో ఇది చాలా మామూలు, ప్రేమతోనే చేస్తారు. పాప ఏ భాషలో అన్నా ఆవిడ మాండరిన్‌లోనే కొనసాగిస్తే చాలు, తిట్టక్కర్లేదు. అలాగే పడుకునే ముందు కథ చదివి వినిపించే పని వాళ్ళ నాన్నకి అప్పగించండి. రోజువారీ మాటల్లో చిన్న చిన్న వాక్యాలే తిరుగుతుంటాయి, "వో మాయ్ ద షూ", అంటే నేను కొన్న పుస్తకం, ఇలాంటి వాటి మీద ఇంకో మెలిక, ఇంకో మెలిక వేసి పొడుగ్గా సాగే వాక్యాలు కథల్లోనే ఎక్కువ. పాప తనే చదవాలంటే అక్షరాలు అడ్డం పడతాయి, వినడానికి ఆ అడ్డం లేదు.

ఇందులో మీ పాత్ర ఏంటంటే తెలుగు మాట్లాడటమే, కాకపోతే అప్పుడప్పుడూ దాన్ని వంతెనలాగా వాడండి. పాప "నేను కొన్న పుస్తకం" అని చైనీస్‌లో ఎలా చెప్పాలో తడుముకుంటుంటే తెలుగులో చెప్పించండి, నేను, కొన్న, పుస్తకం, ఇప్పుడు "వో, మాయ్ ద, షూ", అదే వరస! పోలికలు చెప్పేటప్పుడూ అంతే, ఇంట్లో, బయట, నిన్న, రేపు ఎక్కడ పెట్టాలన్నా అంతే. షాప్‌కెళ్ళి కొన్నా అన్నప్పుడు మనం మధ్యలో "మరియు" పెట్టం కదా, మాండరిన్ కూడా పెట్టదు, వెళ్ళడం కొనడం పక్కపక్కన పెట్టేస్తారు, ఇంగ్లీష్ పిల్లలేమో "హ" (మరియు) అని ఒకటి ఇరికిస్తారు. వస్తువు క్రియకి ముందా వెనకా అనే దగ్గర మాత్రం తెలుగు దారి తప్పిస్తుంది, అది పాపకి ఎలాగూ వచ్చేసింది కాబట్టి భయం లేదు.

అత్తగారి మాండరిన్ గురించి ఒక మాట, ఇది మీలోనే ఉంచుకోండి. 1979లో ప్రభుత్వం మాండరిన్ మాట్లాడండి అని ప్రచారం మొదలుపెట్టేదాకా సింగపూర్ చైనీస్ ఇళ్ళలో ఎక్కువగా నడిచింది హొక్కియెన్, తియోచ్యూ, కాంటొనీస్ లాంటి వేరే చైనీస్ రకాలే. ఆ తరం వాళ్ళ మాండరిన్‌లో వాటి జాడలు ఉంటాయి, వెళ్ళాను అనడానికి "యో ఛ్యూ" అనడం హొక్కియెన్ వైపు నుంచి వచ్చిందే, బీజింగ్ టీచర్ వింటే మొహం చిట్లిస్తారు, తైవాన్‌లో మాత్రం అది రోజువారీ మాట. పాప అలా అంటే అది ఇంగ్లీష్ వల్ల కాదు, నైనై దగ్గర నేర్చుకుంది, దాన్ని తప్పుల లిస్టులో వెయ్యకండి. పరీక్షలో ఎలా రాయాలో వేరే సంగతి.

కంగారు పడాల్సింది ఎప్పుడంటే, పాపకి బాగా వచ్చిన ఇంగ్లీష్‌లో కూడా వయసుకి తగ్గ వాక్యాలు రాకపోతే, చెప్పింది అర్థం చేసుకోవడంలోనే ఇబ్బంది ఉంటే. అప్పుడు స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించండి, మూడు భాషల సంగతీ ముందే చెప్పండి, ఒక్క చైనీస్‌లోనే టెస్ట్ చేసి తేల్చేస్తే ఒప్పుకోవద్దు. మీరు రాసిన దాన్ని బట్టి మీ పాపకి అలాంటిదేం కనపడట్లేదు.

ట్యూషన్ అడిగారు. సింగపూర్‌లో ట్యూషన్ వద్దంటే నన్ను తంతారేమో గానీ, అక్కడ ఏం చేయిస్తారో చూసి నిర్ణయించుకోండి. సింగపూర్ మొదటి ప్రధాని లీ క్వాన్ యూ అంతటాయనే 2009లో చైనీస్ నేర్పడం మొదట్లోనే తప్పుదారిలో పెట్టామని, ఇంట్లో మాండరిన్ లేని పిల్లల మీద డిక్టేషన్లూ బట్టీలూ రుద్దామని ఒప్పుకున్నారు. ట్యూషన్‌లో కూడా అదే డిక్టేషన్, అవే ఖాళీలు పూరించడం అయితే ఆ గంట నైనైతో కూర్చుని కబుర్లు చెప్పడమే నయం. నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పించే, నాటకాలాడించే చోటు దొరికితే పంపండి, అక్కడ ఇంకో లాభం కూడా ఉంది, తోటి పిల్లలతో చైనీస్‌లో పోట్లాడే అవకాశం పాపకి ఇప్పటిదాకా వచ్చి ఉండదు. ఆరో క్లాస్ చివర్లో పరీక్ష ఉంది కదా అంటారు, నిజమే, దానికి ఇంకా టైముంది, పరీక్ష పేపర్లు అయిదో క్లాస్‌లో మొదలుపెట్టినా మునిగిపోయేదేం లేదు. తెలుగు మాత్రం అక్కడి స్కూల్లో సబ్జెక్ట్‌గా కూడా దొరకదు, మీరు ఆపేస్తే పాపకి ఇంకెవరూ నేర్పరు.